ప్రాసెసరు మూత తొలగింపు

కంప్యూటరు ప్రాసెసరు పైన ఉండే లోహపు మూతను ఊడదీసి, దాని అడుగున ఉన్న సిలికాన్ చిప్పు నుండి వేడి సులువుగా బయటికి పోయేటట్లు చేయడాన్ని ప్రాసెసరు మూత తొలగింపు అంటారు. ఔత్సాహికుల వాడుకలో దీని పేరు డీలిడ్డింగ్. మూత తీసిన తరువాత చిప్పుకూ మూతకూ మధ్యనున్న పాత పేస్టును తుడిచివేసి, దాని స్థానంలో వేడిని బాగా ప్రసరింపజేసే ద్రవలోహాన్ని పూసి, మూతను తిరిగి అమరుస్తారు. కొందరు మూతను పూర్తిగా వదలివేసి, చల్లబరిచే పరికరాన్ని నేరుగా చిప్పు మీదనే బిగిస్తారు.

2012 ఏప్రిల్‌లో ఇంటెల్ సంస్థ ఐవీ బ్రిడ్జ్ తరం ప్రాసెసర్లను విడుదల చేసిన తరువాత ఈ పద్ధతి విశేషంగా ప్రచారంలోకి వచ్చింది. తగిన ప్రాసెసరు మీద జాగ్రత్తగా చేసినప్పుడు ఉష్ణోగ్రత 10 నుండి 20 డిగ్రీల సెల్సియస్ వరకు తగ్గవచ్చు. అయితే ఈ లాభం అన్ని ప్రాసెసర్లకూ లభించదు. వేడికి అడ్డు మూత కింద ఉన్నప్పుడే మూత తీయడం వల్ల ప్రయోజనం ఉంటుంది. అడ్డు మరోచోట ఉంటే ఎంత శ్రమపడినా ఫలితం స్వల్పమే. పైగా పని చెడిపోతే ఆ నష్టాన్ని యజమానే భరించవలసి ఉంటుంది.

ప్రాసెసరు నిర్మాణము

బయటకు కనిపించే ప్రాసెసరు ఒకే వస్తువు వలె ఉన్నా అందులో మూడు ముఖ్య భాగాలు ఉన్నాయి. అడుగున ఆకుపచ్చని పలుచని పలక ఉంటుంది. విద్యుత్తు, సంకేతాలు మదర్‌బోర్డు నుండి ఈ పలక ద్వారానే లోపలికి వెళతాయి. పలక మధ్యలో బోర్లించి అతికించిన సిలికాన్ చిప్పు ఉంటుంది. లెక్కలు చేసేదీ, వేడిని పుట్టించేదీ ఈ చిప్పే. దీని వైశాల్యం చాలా తక్కువ. నాలుగు కోర్లు కల ఐవీ బ్రిడ్జ్ చిప్పు 160 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే, అంటే దాదాపు చిటికెన వేలి గోరంత.

చిప్పును కప్పుతూ పైన లోహపు మూత ఉంటుంది. దీనిని హీట్ స్ప్రెడరు అంటారు. ఇది నికెల్ పూత పూసిన రాగితో తయారవుతుంది. దీని అంచులను నల్లని సిలికోను జిగురుతో పలకకు అంటిస్తారు. చిప్పు తయారయ్యే సిలికాన్ ఒక మూలకం. జిగురులోని సిలికోను రబ్బరు వంటి వేరే పదార్థం. ఈ రెండు పేర్లూ ఒకే తీరున వినిపించినా పదార్థాలు వేరని గమనించాలి.

మూత చేసే పనులు మూడు:

* పెళుసైన చిప్పును దెబ్బల నుండి, ఒత్తిడి నుండి కాపాడడం.
* చిన్న చిప్పులో పుట్టిన వేడిని ఎక్కువ వైశాల్యానికి పరచి, పైనున్న హీట్ సింకుకు అందించడం.
* సాకెట్టులోని బిగింపు మీట నొక్కిపట్టడానికి గట్టి అంచునివ్వడం.

మూత పైన థర్మల్ పేస్టు, దానిపైన హీట్ సింకు, ఆపైన పంకా ఉంటాయి. మూత పైనున్న పేస్టును వినియోగదారుడు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మూత కిందనున్న పొర మాత్రం కర్మాగారంలో వేసినది. మూత తీస్తే తప్ప అది చేతికి అందదు. డీలిడ్డింగ్ చేసేది ఈ లోపలి పొర కోసమే.

వేడి ప్రయాణించే దారి

వేడి చిప్పు నుండి గదిలోని గాలికి చేరేలోపు అనేక పొరలను దాటాలి. చిప్పు, లోపలి పొర, మూత, పై పేస్టు, హీట్ సింకు, గాలి - ఇది ఆ వరుస. ప్రతి పొర కొంత అడ్డు చూపుతుంది. ఒక పొర చూపే అడ్డు దాని మందంతో పాటు పెరుగుతుంది. వైశాల్యం పెరిగినా, పదార్థపు ఉష్ణ వాహకత పెరిగినా తగ్గుతుంది. వివిధ పదార్థాల ఉష్ణ వాహకతలు, మీటరుకు కెల్విన్‌కు వాట్లలో, ఉజ్జాయింపుగా ఇలా ఉంటాయి:

* గాలి - 0.026
* థర్మల్ పేస్టులు - 3 నుండి 10
* గాలియం, ఇండియం, తగరం కలిసిన ద్రవలోహాలు - సుమారు 16 నుండి, తయారీదారులు చెప్పే లెక్క ప్రకారం 70 పైచిలుకు వరకు
* ఇండియం టంకము - 82
* సిలికాన్ - 150
* రాగి - 400

ఈ వరుసలో సిలికాన్, రాగి మంచి వాహకాలు. పేస్టు వాటికంటే ఎన్నో రెట్లు వెనుకబడి ఉంటుంది. అయినా పేస్టును వాడడానికి కారణం గాలి. ఎంత నునుపైన లోహాల మధ్యనైనా కంటికి కనపడని గుంటలు ఉంటాయి. వాటిలో గాలి నిలిస్తే వేడి కదలదు. పేస్టు ఆ గుంటలను పూడుస్తుంది. కనుక పేస్టు ఎంత పలుచగా ఉంటే అంత మేలు.

చిప్పు చిన్నదైనందువలన ఈ పొర ప్రభావం మరింత ఎక్కువవుతుంది. ఐవీ బ్రిడ్జ్ తరానికి చెందిన కోర్ ఐ7-3770కె ప్రాసెసరు 77 వాట్ల శ్రేణికి చెందినది. 160 చదరపు మిల్లీమీటర్ల మీద 77 వాట్లు అంటే చదరపు సెంటీమీటరుకు 48 వాట్లు. 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు కల 1000 వాట్ల ఇస్త్రీపెట్టెలో ఇది చదరపు సెంటీమీటరుకు 5 వాట్లే. అంటే చొక్కా ఇస్త్రీ చేసే పెట్టె అడుగుకంటే ఈ చిప్పు ఉపరితలం నుండి దాదాపు పది రెట్ల వేడి వెలువడుతుంది.

ఒక ఉదాహరణ లెక్క చూడవచ్చు. చిప్పు మీద వాహకత 5 కల పేస్టు 0.1 మిల్లీమీటరు మందాన ఉన్నదనుకుందాం. ఆ పొర అడ్డు వాటుకు 0.125 డిగ్రీలు అవుతుంది. 77 వాట్ల వద్ద పొరకు ఇటూ అటూ ఉష్ణోగ్రతలో తేడా 9.6 డిగ్రీలు. అదే చిప్పును ఓవర్‌క్లాక్ చేసి 150 వాట్లు వాడేటట్లు చేస్తే తేడా దాదాపు 19 డిగ్రీలకు చేరుతుంది. పేస్టు మందాన్ని సగానికి తగ్గిస్తే ఈ తేడాలు కూడా సగమవుతాయి. పేస్టు స్థానంలో వాహకత 20 కల ద్రవలోహాన్ని 0.03 మిల్లీమీటరు మందాన పూస్తే 77 వాట్ల వద్ద తేడా ఒక డిగ్రీ కూడా ఉండదు. ఇండియం టంకము 0.3 మిల్లీమీటరు మందాన ఉన్నా తేడా రెండు డిగ్రీలలోపే.

ఈ లెక్క నుండి రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, పేస్టు రకంతో పాటు పేస్టు మందం కూడా అంతే ముఖ్యం. రెండు, టంకము వేసిన ప్రాసెసరులో మూత తీసి సాధించగలిగేది చాలా తక్కువ.

చరిత్ర

మూత అన్ని కాలాలలోనూ లేదు. 2000లో వచ్చిన ఏఎండీ అథ్లాన్ థండర్‌బర్డ్ ప్రాసెసర్లలోనూ, ఆనాటి ఇంటెల్ పెంటియం 3 కాపర్‌మైన్ ప్రాసెసర్లలోనూ చిప్పు పైకే కనిపిస్తూ ఉండేది. అథ్లాన్ పలక నాలుగు మూలలా హీట్ సింకు ఒరగకుండా మెత్తని దిండ్లు అంటించేవారు. అయినా హీట్ సింకును బిగించేటప్పుడు కాస్త ఏటవాలుగా నొక్కితే చిప్పు మూల పెచ్చు లేచిపోయేది. కంప్యూటర్లు కూర్చేవారికి ఆ రోజులలో ఇది పరిచితమైన ప్రమాదమే. ఇంటెల్ పెంటియం 4 తోనూ, ఏఎండీ 2003లో విడుదల చేసిన అథ్లాన్ 64 తోనూ లోహపు మూత డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో స్థిరపడింది. అథ్లాన్ 64 మూతలను తొలగించి చూసినవారు అప్పట్లోనే ఉన్నారు.

2011 జనవరిలో వచ్చిన ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లలో చిప్పును మూతకు టంకముతో అతికించారు. మరుసటి సంవత్సరం వచ్చిన ఐవీ బ్రిడ్జ్‌లో టంకమునకు బదులు పేస్టు వాడారు. చిప్పు 216 చదరపు మిల్లీమీటర్ల నుండి 160కి కుదించుకుపోవడం వలన వేడి సాంద్రత కూడా పెరిగింది. ఓవర్‌క్లాకింగు చేసేవారు కొత్త ప్రాసెసరు పాతదానికంటే ఎక్కువగా వేడెక్కుతున్నదని గమనించి, మూత తెరచి చూశారు. జపాను పత్రిక పీసీ వాచ్ 2012 మే నెలలో పేస్టును మార్చి పరీక్షించి, వేగం పెంచినప్పుడు ఉష్ణోగ్రత గణనీయంగా తగ్గుతున్నదని ప్రకటించింది.

ఆ తరువాత జరిగిన కొలతలలో మరొక సంగతి బయటపడింది. లోపం పేస్టులో ఉన్నదానికంటే, అంచుల కింద ఉన్న నల్లని జిగురులో ఎక్కువగా ఉన్నది. జిగురు పొర మందంగా ఉండి మూతను పైకి ఎత్తిపట్టడం వలన చిప్పుకూ మూతకూ మధ్య ఖాళీ పెరిగి, పేస్టు పొర దళసరిగా మిగిలిపోయింది. జిగురును గీకివేసి, మామూలు మంచి పేస్టునే పూసి మూతను తిరిగి పెట్టినా చెప్పుకోదగిన మెరుగు కనిపించింది. పైన ఇచ్చిన లెక్కలోని మందపు సూత్రం ఇక్కడ ప్రత్యక్షంగా రుజువైంది.

2013 జూన్‌లో వచ్చిన హాస్వెల్ తరంలోనూ పేస్టే కొనసాగింది. 2014 జూన్‌లో కోర్ ఐ7-4790కె ప్రాసెసరుతో ఇంటెల్ మెరుగైన పేస్టును ప్రవేశపెట్టింది. 2015లో స్కైలేక్, 2017 జనవరిలో కేబీ లేక్, అదే సంవత్సరం అక్టోబరులో కాఫీ లేక్ వచ్చాయి. ఖరీదైన స్కైలేక్-ఎక్స్ శ్రేణిలో కూడా పేస్టే ఉండడంతో విమర్శలు పెరిగాయి. ఈ కాలమే డీలిడ్డింగ్‌కు స్వర్ణయుగమని చెప్పవచ్చు. మూత తీసి, పరీక్షించి, ప్రాసెసర్లను అమ్మే దుకాణాలు సైతం వెలిశాయి. వాటిలో పేరొందిన అమెరికా సంస్థ సిలికాన్ లాటరీ 2021లో మూతపడింది.

2018 అక్టోబరులో కోర్ ఐ9-9900కె తో ఇంటెల్ మళ్ళీ టంకమునకు మరలింది. దాని మూత తీసి ద్రవలోహం పూసినా లాభం పది డిగ్రీలలోపే ఉన్నది. ఆ ప్రాసెసరులో చిప్పు మునుపటికంటే మందంగా ఉండడం కూడా వేడికి ఒక అడ్డుగా తేలింది. 2020లో వచ్చిన పదవ తరంలో ఇంటెల్ చిప్పు మందాన్ని తగ్గించి, ఆ మేరకు రాగి మూత మందాన్ని పెంచింది. సిలికాన్ కంటే రాగి మెరుగైన వాహకం కనుక ఈ మార్పు ఫలించింది.

ఏఎండీ 2017లో విడుదల చేసిన రైజెన్ ప్రాసెసర్లలో మొదటినుండీ టంకమే ఉన్నది. 2018లో వచ్చిన రైజెన్ 5 2400జి వంటి గ్రాఫిక్స్ కలిసిన కొన్ని రకాలలో మాత్రం పేస్టు వాడారు. 2022 సెప్టెంబరులో వచ్చిన రైజెన్ 7000 శ్రేణి మళ్ళీ డీలిడ్డింగ్‌పై ఆసక్తి రేపింది. పాత హీట్ సింకులు కొత్త సాకెట్టుకూ సరిపోవాలనే ఉద్దేశంతో ఏఎండీ ఈ శ్రేణిలో మూతను బాగా మందంగా ఉంచింది. జర్మనీకి చెందిన ఓవర్‌క్లాకరు రోమన్ హార్టుంగ్, డెర్8ఆవర్ అనే పేరుతో ప్రసిద్ధుడు, రైజెన్ 9 7900ఎక్స్ మూతను తీసి చిప్పు మీదనే నేరుగా చల్లబరిచినప్పుడు సుమారు 20 డిగ్రీల తగ్గుదల కనిపించింది. ఇక్కడ అడ్డు పేస్టు కాదు. మందమైన మూత, చిన్న చిప్పులు దానికి కారణాలు. ఈ శ్రేణిలో ఒక్కో కోర్ల చిప్పు సుమారు 71 చదరపు మిల్లీమీటర్లే. అది 80 వాట్లు వాడినా చదరపు సెంటీమీటరుకు 110 వాట్లు దాటుతుంది.

టంకము, పేస్టు

టంకము మేలైనప్పుడు అన్ని ప్రాసెసర్లలోనూ దానినే ఎందుకు వాడరనే ప్రశ్న సహజం. టంకము వేయడానికి పేస్టు పూయడం కంటే ఎక్కువ దశలు అవసరం. ఇండియం నేరుగా సిలికాన్‌కు అతకదు. చిప్పు వీపు మీద పలు లోహపు పొరలు వేసి, మూత లోపలివైపు బంగారు పూత పూసి, ఆ తరువాత వేడిచేసి అతకాలి. ఇండియం ఖరీదైన లోహం కూడా.

వేడికి వ్యాకోచించే గుణం మరొక చిక్కు. ఒక్క డిగ్రీ పెరుగుదలకు సిలికాన్ పది లక్షల వంతులలో సుమారు 2.6 వంతులు వ్యాకోచిస్తే, రాగి దాదాపు 17 వంతులు వ్యాకోచిస్తుంది. కంప్యూటరును వెలిగించి ఆర్పిన ప్రతిసారీ ఈ రెండింటి మధ్య నలిగేది టంకమే. ఇండియం మెత్తని లోహం కనుక ఈ ఒత్తిడిని చాలావరకు ఓర్చుకోగలదు. పేస్టులో ఈ బెడద లేదు కాని, సంవత్సరాలు గడిచేకొద్దీ అది ఎండి, చిప్పు మధ్య నుండి పక్కలకు జరిగిపోయే అవకాశం ఉంది. 2006లో విడుదలైన సోనీ ప్లేస్టేషన్ 3 ఆటయంత్రాలలో మూత కింది పేస్టు ఎండిపోయినందున, వాటిని మరమ్మతు చేసేవారు మూతలు తీసి కొత్త పేస్టు పూయడం పరిపాటి. ఇక్కడ మూత తొలగింపు వేగం కోసం కాక, పాత యంత్రాన్ని బతికించుకోవడం కోసం జరుగుతుంది.

మూతను తీసే పద్ధతులు

బ్లేడు పద్ధతి: పలుచని గడ్డపు బ్లేడును మూత అంచు కిందకు దూర్చి, చుట్టూ జిగురును కోయడం. ఐవీ బ్రిడ్జ్ కాలంలో మొదట వాడినది ఇదే. బ్లేడు కాస్త లోతుకు వెళితే పలకలోని సన్నని రాగి తీగలు తెగుతాయి. ఇంకా లోపలికి పోతే చిప్పు పగులుతుంది. హాస్వెల్‌లో చిప్పు పక్కనే చిన్న విడిభాగాలు ఉండడం వలన ఈ పద్ధతి మరింత ప్రమాదకరమైంది.

వైసు పద్ధతి: మూత అంచులను బెంచి వైసులో బిగించి, పలక అంచుకు చెక్కముక్కను ఆనించి సుత్తితో తట్టడం. పలక పక్కకు జరిగి జిగురు ఊడిపోతుంది. బ్లేడు ప్రమాదం లేకపోయినా, దెబ్బ గట్టిగా తగిలితే ప్రాసెసరు ఎగిరి పడవచ్చు, పలక విరగవచ్చు.

ప్రత్యేక పరికరము: ప్రాసెసరు సరిగ్గా ఇమిడే గూటిలో దానిని ఉంచి, మర తిప్పుతూ మూతను నెమ్మదిగా పక్కకు నెట్టడం. 2016లో వచ్చిన డెలిడ్-డై-మేట్, తరువాతి రాకిట్ 88 ఈ కోవకు చెందినవి. మూత కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే జరిగేటట్లు గూడు అడ్డుకుంటుంది కనుక చిప్పుకు, పక్కనున్న భాగాలకు దెబ్బ తగిలే అవకాశం తక్కువ. ఒక్కో సాకెట్టు రకానికి వేరు పరికరం కావాలి.

టంకము వేసిన ప్రాసెసర్లకు ఈ పద్ధతులు నేరుగా సరిపోవు. ఇండియం సుమారు 157 డిగ్రీల వద్ద కరుగుతుంది. మొదట జిగురును కోసి, తరువాత ప్రాసెసరును వేడిచేసి మూతను ఎత్తడం ఒక మార్గం. మూతను ఇటూ అటూ పలుమార్లు నెట్టి, మెత్తని ఇండియం తెగేటట్లు చేయడం మరొకటి. రైజెన్ 7000 మూతకు ఎనిమిది కాళ్ళు ఉండి, వాటి మధ్య సందులలో చిన్న విడిభాగాలు ఉంటాయి. కనుక అక్కడ మరింత జాగ్రత్త అవసరం.

మూత తీసిన తరువాత పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతోనూ, జిగురును ప్లాస్టిక్ ముక్కతోనూ తొలగిస్తారు. లోహపు పనిముట్టుతో గీకితే పలక గీరుకుపోతుంది. ఆపైన కొత్త పొర పూసి, మూత నాలుగు మూలలా కొద్దిగా జిగురు పెట్టి తిరిగి అమరుస్తారు. చుట్టూ దట్టంగా జిగురు పూస్తే మళ్ళీ మూత ఎత్తుగా నిలిచి, చేసిన పని వృథా అవుతుంది.

ద్రవలోహము

డీలిడ్డింగ్‌లో ఎక్కువగా వాడేది గాలియం, ఇండియం, తగరం కలిపిన మిశ్రమం. శుద్ధ గాలియం 29.76 డిగ్రీల వద్ద కరుగుతుంది. మిగిలిన రెండు లోహాలు కలిసినప్పుడు మిశ్రమం అంతకంటే తక్కువ ఉష్ణోగ్రత వద్ద కూడా ద్రవంగానే ఉంటుంది. పాదరసము వలె ఇది విషపూరితం కాదు. చిన్న చుక్కను దూది పుల్లతో చిప్పు మీద రుద్దితే అద్దంలా పలుచగా పరచుకుంటుంది.

దీని వాడకంలో మూడు జాగ్రత్తలు ముఖ్యం. మొదటిది, ఇది విద్యుద్వాహకం. చుక్క జారి చిప్పు పక్కనున్న విడిభాగాల మీద పడితే షార్ట్ సర్క్యూట్ ఏర్పడి ప్రాసెసరు పాడవుతుంది. అందుకే ఆ భాగాలపై ముందుగా గోళ్ళ రంగు వంటి విద్యుత్తును అడ్డుకునే పూత వేస్తారు. రెండవది, గాలియం అల్యూమినియంలోకి చొచ్చుకుపోయి దానిని పెళుసుగా మార్చి పొడిపొడి చేస్తుంది. కనుక అల్యూమినియం అడుగు కల హీట్ సింకుకు ఇది తగలరాదు. మూడవది, పూత లేని రాగి గాలియంను నెమ్మదిగా పీల్చుకుంటుంది. కొంతకాలానికి పొర ఎండినట్లయి తిరిగి పూయవలసి రావచ్చు. నికెల్ పూత ఉన్నచోట ఈ సమస్య తక్కువ.

జాగ్రత్తగా వాడితే ద్రవలోహం నమ్మదగినదేననడానికి 2020 నవంబరులో విడుదలైన ప్లేస్టేషన్ 5 ఒక ఉదాహరణ. అందులో ప్రధాన చిప్పుకూ హీట్ సింకుకూ మధ్య కర్మాగారంలోనే ద్రవలోహాన్ని నింపి, అది బయటకు కారకుండా చుట్టూ అడ్డుగోడ అమర్చారు.

మూత లేకుండా బిగించడం

మూతను తిరిగి పెట్టకుండా హీట్ సింకును నేరుగా చిప్పు మీద ఆనించడం మరొక పద్ధతి. దీనివలన ఒక పొర పేస్టు, మూత మందం రెండూ తప్పిపోతాయి. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలోనూ, చాలా గ్రాఫిక్స్ కార్డులలోనూ కర్మాగారం నుండే మూత ఉండదు. అయితే డెస్క్‌టాప్ సాకెట్టులో మీట నొక్కేది మూత అంచునే కనుక, మూత పోతే ప్రాసెసరును పట్టి ఉంచడానికి ప్రత్యేకమైన చట్రం కావాలి. హీట్ సింకును కూడా మూత మందమంత కిందికి దించి బిగించాలి. నాలుగు మరలనూ మూలకు మూల ఎదురుగా కొద్దికొద్దిగా తిప్పకపోతే, అథ్లాన్ కాలంలో వలె చిప్పు మూల విరిగే ప్రమాదం తిరిగి వస్తుంది.

నష్టాలు

* మూత తీసిన మరుక్షణం తయారీదారు వారంటీ చెల్లదు. డబ్బాతో అమ్మే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు సాధారణంగా మూడేళ్ళ వారంటీ ఉంటుంది.
* చిప్పు పగిలినా, పలకలోని తీగ తెగినా మరమ్మతు దాదాపు అసాధ్యం.
* లాభం ప్రాసెసరును బట్టి, పనివాని నేర్పును బట్టి మారుతుంది. సరిగా పూయని పొర వలన ఉష్ణోగ్రత మునుపటికంటే పెరిగిన సందర్భాలూ ఉంటాయి.
* ఉష్ణోగ్రత తగ్గినంత మాత్రాన వేగం దానంతట అదే పెరగదు. ప్రాసెసరు అంతకుముందు వేడి వలన వేగాన్ని తగ్గించుకుంటూ ఉంటేనే తేడా తెలుస్తుంది.

కోస్తా ఆంధ్ర వాతావరణంలో

పరీక్షలలో ప్రకటించే ఉష్ణోగ్రతలు చాలావరకు చల్లని దేశాలలోని గదులలో తీసుకున్నవి. అనకాపల్లి జిల్లాలోని ఎలమంచిలి (2022 వరకు ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది) వంటి కోస్తా పట్టణాలలో పరిస్థితి వేరు. ఏ హీట్ సింకు అయినా ప్రాసెసరును గది గాలి కంటే చల్లగా చేయలేదు. చిప్పు ఉష్ణోగ్రత అంటే గది ఉష్ణోగ్రతకు, వాడిన వాట్లను మొత్తం అడ్డుతో గుణించగా వచ్చినది కలపడమే.

ప్రాసెసరు 100 వాట్లు వాడుతూ, మొత్తం అడ్డు వాటుకు 0.5 డిగ్రీ ఉన్నదనుకుందాం. 22 డిగ్రీల గదిలో చిప్పు 72 డిగ్రీల వద్ద ఉంటుంది. ఎలమంచిలిలో మే నెల మధ్యాహ్నం శీతల యంత్రం లేని గది 37 డిగ్రీలు ఉంటే అదే చిప్పు 87కు చేరుతుంది. హీట్ సింకు రెక్కలలో దుమ్ము పేరుకొని అడ్డు 0.6కు పెరిగితే 97 అవుతుంది. చాలా ప్రాసెసర్లు సుమారు 95 నుండి 105 డిగ్రీల వద్ద తమను తాము కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకుంటాయి. కంప్యూటరు ఎండాకాలంలో మాత్రమే మందగించడానికి తరచుగా ఇదే కారణం.

ఈ ఉదాహరణలో దుమ్ము దులిపితే పది డిగ్రీలు తగ్గుతాయి. డీలిడ్డింగ్ వలన సాధారణంగా ఆశించే తగ్గుదల కూడా దాదాపు అంతే. మొదటిదానికి ఖర్చు ఒక కుంచె, అరగంట సమయం. రెండవదానిలో ప్రాసెసరు ధర మొత్తాన్ని పణంగా పెట్టాలి.

సముద్రతీరానికి చేరువలోని పట్టణాలలో గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ. తేమగాలిలో దుమ్ము అట్టకట్టి రెక్కలను త్వరగా మూసివేస్తుంది. మంచు, శీతలీకరించిన నీరు వంటి వాటితో ప్రాసెసరును గది ఉష్ణోగ్రత కంటే బాగా చల్లబరచాలని చూస్తే చెంబు మీద చెమ్మ పట్టినట్లు మదర్‌బోర్డు మీద నీరు చేరుతుంది. అందువలన అటువంటి ప్రయోగాలు ఇక్కడ మరింత ప్రమాదకరం. శుద్ధ గాలియం ఈ ప్రాంతపు వేసవిలో బల్ల మీద ఉంచినా ద్రవంగానే ఉంటుంది. కనుక దానిని నిలవ ఉంచడంలోనూ మూత గట్టిగా ఉన్న సీసా అవసరం.

ప్రత్యామ్నాయాలు

మూత తీయడానికి ముందు ప్రయత్నించదగినవి ఈ క్రింది విధంగా ఉన్నాయి. ఇవన్నీ వెనుకకు మరలించుకోగలిగినవి.

* హీట్ సింకు, పంకాలు, క్యాబినెట్టు జాలీలను శుభ్రపరచడం.
* మూత పైనున్న పేస్టును మార్చడం, హీట్ సింకు సమంగా బిగిసినదో లేదో చూడడం.
* క్యాబినెట్టులోకి చల్లని గాలి వచ్చి, వేడిగాలి బయటికి పోయే దారి ఉండేటట్లు చూడడం. గోడకు ఆనించకుండా ఉంచడం.
* ప్రాసెసరుకు అందే వోల్టేజీని కొద్దిగా తగ్గించడం, లేదా మదర్‌బోర్డు అమరికలలో వాట్ల పరిమితిని తగ్గించడం. ఆధునిక ప్రాసెసర్లలో చివరి కొద్దిపాటి వేగానికే అధిక విద్యుత్తు ఖర్చవుతుంది కనుక దీనివలన వేగం పెద్దగా తగ్గకుండానే వేడి బాగా తగ్గుతుంది.
* పెద్ద హీట్ సింకును అమర్చడం.

ప్రాసెసర్ల రూపకల్పనలో వచ్చిన మార్పులు కూడా మూత తీయవలసిన అవసరాన్ని తగ్గించాయి. 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డి, 2023లో వచ్చిన 7800ఎక్స్3డి ప్రాసెసర్లలో అదనపు క్యాష్ మెమొరీని కోర్ల చిప్పు పైన అమర్చారు. అది వేడి దారికి అడ్డుగా నిలిచేది. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డి లో ఏఎండీ ఆ మెమొరీని చిప్పు కిందకు మార్చింది. దానితో కోర్లు మూతకు దగ్గరై, అదే వేడిలో ఎక్కువ వేగంతో పనిచేయడం సాధ్యపడింది. 2012లో ఔత్సాహికులు బ్లేడుతో కనుగొన్న సూత్రమే ఇక్కడ కర్మాగారంలో అమలైంది: వేడి పుట్టేచోటికీ అది బయటపడేచోటికీ మధ్యనున్న అడ్డు ఎక్కడ ఉన్నదో ముందు కనిపెట్టి, దానినే తొలగించాలి.

ఇవి కూడా చూడండి

* మైక్రోప్రాసెసరు
* ఉష్ణ వహనము
* గాలియం
* ఇండియం
* ఓవర్‌క్లాకింగు
* ఎలమంచిలి